6 టన్నుల ట్యాంకు ఎత్తడానికి ఏ షాకిల్? పాతవాటిలో ఏవి పనికొస్తాయి?

ప్రశ్న (గాజువాక_ఫ్యాబ్)

నమస్తే అండీ. మా షెడ్డులో ఒక స్టోరేజీ ట్యాంకు తయారైంది, డ్రాయింగు ప్రకారం 6 టన్నులు. పైన రెండు లిఫ్టింగ్ లగ్గులు (ఎత్తడానికి వెల్డ్ చేసిన రంధ్రం ప్లేట్లు) ఉన్నాయి. ప్లేటు మందం 16 ఎం.ఎం., రంధ్రం 28 ఎం.ఎం. రెండు కాళ్ల వైర్ రోప్ స్లింగు వేసి క్రేనుతో ట్రెయిలర్ మీదికి ఎక్కించాలి.

స్టోరులో ముప్పావు అంగుళం బో షాకిల్స్ (గుండ్రటి వంపు ఉక్కు కడ్డీకి అడ్డంగా పిన్ను బిగించే లింకులు) పాతవి ఉన్నాయి. కొన్నింటి మీద 4.75 టన్ అని ఉంది, కొన్నింటి మీద ఏమీ కనపడటం లేదు. ఒకదానికి పిన్ను పోతే హెచ్.టి. (హై టెన్సైల్) బోల్టు వేసి వాడుతున్నారు. ఒక్కో లగ్గుకి పడేది 3 టన్నులే, 4.75 ఎక్కువే అంటున్నారు మా సూపర్‌వైజర్ గారు. నిజంగా సరిపోతుందా?

జవాబు 1 (రిగ్గింగ్_లెక్కలు)

స్లింగులు నిట్టనిలువుగా వేలాడితేనే ఒక్కో లగ్గుకి 3 టన్నులు. ఏటవాలుగా ఉంటే లాగుడు పెరుగుతుంది. ముందు బరువు సరిచూడండి. డ్రాయింగు బరువులో నాజిళ్లు, క్లీట్లు, లోపల మిగిలిన టెస్టు నీళ్లు ఉన్నాయో లేదో తెలియదు కాబట్టి 10 శాతం కలిపి 6.6 టన్నులు అనుకోండి. స్లింగు నేలకి 60 డిగ్రీల కోణంలో ఉంటే ఒక్కో కాలు మీద 3.8 టన్నులు పడుతుంది. 45 డిగ్రీలైతే దాదాపు 4.7. 30 డిగ్రీలకి దిగితే ఒక్కో కాలే మొత్తం 6.6 టన్నులూ మోస్తుంది. అంటే 45 దగ్గరే మీ 4.75 షాకిల్ అంచుకి వచ్చేసింది. పొడవు స్లింగులు తెచ్చి కోణం 60కి తగ్గకుండా చూసుకోండి.

పైన హుక్కు దగ్గర రెండు కాళ్లనూ కలిపే షాకిల్ మొత్తం బరువు మోస్తుంది. 7/8 అంగుళం షాకిల్ రేటింగు 6.5 టన్నులు, మీ 6.6కి చాలదు. ఒక అంగుళానిది, 8.5 టన్నులది, వేయండి. అది బో షాకిల్ అయి తీరాలి. డీ షాకిల్ (వంపు ఇరుకుగా ఉండే రకం) నేరుగా ఒకే వరుసలో లాగడానికే. దాంట్లో రెండు స్లింగులు పెడితే లోడు పక్కలకి పడుతుంది. బోలో అయినా రెండు కాళ్ల మధ్య కోణం 120 డిగ్రీలు దాటకూడదు.

లగ్గుల విషయం. షాకిల్ సైజు అంటే వంపు కడ్డీ మందం, పిన్ను దానికంటే ఒక సైజు లావు. ముప్పావు షాకిల్ పిన్ను 22 ఎం.ఎం., మీ రంధ్రంలో హాయిగా దూరుతుంది. 7/8 షాకిల్ పిన్ను 25 ఎం.ఎం. పైచిలుకు, అదీ దూరుతుంది. ఒక అంగుళం షాకిల్ పిన్ను 28.6, దూరదు. దూరలేదని గ్యాస్ కట్టరుతో రంధ్రం పెద్దది చేయొద్దు.

ముప్పావు షాకిల్ నోరు దాదాపు 32 ఎం.ఎం. ఉంటుంది, మీ ప్లేటు 16. మిగతా 16 ఖాళీగా వదిలేస్తే షాకిల్ ఒక పక్కకి జరిగి ఒరుగుతుంది, లోడంతా ఒకే చెవి (పిన్ను దూరే చివర) మీద పడుతుంది. ప్లేటుకి రెండు పక్కలా పిన్ను మీద సమానంగా వాషర్లు వేసి మధ్యకి తెండి.

ఇంతకీ లగ్గు ప్లేటు స్లింగు లాగే దిశలోనే ఉందా, అడ్డంగా ఉందా? స్క్రూ పిన్ను, బోల్టు రకం బో షాకిల్‌ని 45 డిగ్రీలు పక్కకి లాగితే దాని శక్తి 70 శాతమే, 90 డిగ్రీలకి సగమే. అప్పుడు 4.75 కాస్తా 3.3 అవుతుంది.

జవాబు 2 (లిఫ్టింగ్_ఇన్‌స్పెక్టర్, జుబైల్)

తనిఖీ సంగతి నేను చెప్తాను. కిరోసిన్‌తో గ్రీజు, మట్టి కడిగి, పిన్ను పూర్తిగా బయటికి తీసి చూడాలి. బిగించి ఉండగా చూసేది తనిఖీ కాదు.

తయారీదారు గుర్తు, రేటింగు, సైజు ఈ మూడూ చదవడానికి వీలుగా లేకపోతే ఆ షాకిల్ పక్కకే. మీ దగ్గర ఏమీ కనపడనివన్నీ ఈ లెక్కన పోయినట్టే. దాని పక్కన అదే సైజుది 4.75 అని ఉంది కదా, ఇదీ అంతే అనుకోవద్దు. ఏ ఉక్కో, హీట్ ట్రీట్‌మెంట్ ఉందో లేదో బయటికి కనపడదు.

తర్వాత వెర్నియర్ పట్టండి. అరుగుదల ఎక్కువగా వచ్చేది రెండు చోట్ల: బో వంపు లోపలి మధ్యభాగం, పిన్ను నడుము. అసలు మందంలో 10 శాతం తగ్గితే తీసేయాలి. ముప్పావుకి 19 ఉండాల్సింది 17.1కి దిగినా, పిన్ను 22 ఉండాల్సింది 20కి దిగినా పనికిరాదు.

పిన్నుని నున్నటి మెషిన్ టేబుల్ మీద దొర్లించండి. వంగిన పిన్ను ఊగుతూ దొర్లుతుంది, మధ్యలో సందు కనపడుతుంది. వంగిందంటే ఎప్పుడో ఓవర్‌లోడు పడింది, పిన్ను మార్చి ఊరుకోకుండా బాడీని కూడా పక్కన పెట్టండి. పిన్ను చేత్తో చివరిదాకా బిగియాలి. సగంలో పట్టేస్తే మరలు పాడయ్యాయి, లేదా చెవులు మెలిపడ్డాయి. సుత్తితో కొట్టి, ట్యాప్ తిప్పి సరిచేసేది కాదు అది. పగుళ్ల అనుమానం ఉంటే చెవుల మూలల్లో డీపీ టెస్టు (రంగు ద్రవం పూసి పగుళ్లు చూసేది) చేయించండి.

వెల్డింగు చుక్క పడినా, ఆర్క్ తగిలినా, గ్యాస్‌తో వేడి చేసినా తీసేయాల్సిందే. వేడి తగిలిన చోట హీట్ ట్రీట్‌మెంట్ పోతుంది. రంగు గుర్తు వేసేవాళ్లు మొత్తం షాకిల్‌కి పెయింటు పూసేస్తుంటారు. పగులూ కనపడదు, రేటింగూ కనపడదు. బో మీద చిన్న పట్టీ చాలు.

తీసేసిన వాటిని స్టోరు మూలన పడేయకండి, ఎవరో ఒకరు మళ్లీ తీసుకుంటారు. కట్ చేసి స్క్రాపులో వేయండి.

హెచ్.టి. బోల్టు ఈ రోజే తీయించండి. 8.8 గ్రేడు బోల్టు బలమైనదే, కానీ అది బిగించడానికి చేసింది, ఇక్కడ వంపు, కోత రెండూ పడతాయి. పైగా మర భాగం చెవి లోపలికి వస్తే మందం తగ్గిన చోటే లోడు పడుతుంది. అదే కంపెనీ, అదే మోడల్ పిన్ను దొరికితే సరే, లేదంటే షాకిల్ వదిలేయండి.

జవాబు 3 (క్రేన్_సైట్)

ఒకటి కలుపుతాను అన్నా. స్క్రూ పిన్ను పూర్తిగా బిగించి పావు చుట్టు వెనక్కి తిప్పాలి, లేకపోతే లోడు పడ్డాక పట్టేస్తుంది, ఊడదు. హుక్కులో పిన్ను కూర్చోవాలి, స్లింగులు బో వైపు ఉండాలి.

జవాబు 4 (లిఫ్టింగ్_ఇన్‌స్పెక్టర్, జుబైల్)

రెండోది సరైనదే. హుక్కులో కూడా పిన్ను మధ్యలో ఉండేలా స్పేసర్లు వేయాలి. కానీ పావు చుట్టు వెనక్కి తిప్పొద్దు. పిన్ను భుజం చెవికి ఆనేదాకా బిగించి అలాగే ఉంచాలి. పట్టేస్తుందనుకుంటే మరలు శుభ్రం చేసి కాస్త నూనె రాయండి. చోకర్ (స్లింగుని లోడు చుట్టూ ఉచ్చులా బిగించడం) వేసేటప్పుడు స్లింగు కంటిలో పిన్ను ఉండాలి, జారే తాడు బో మీద నడవాలి. తాడు పిన్ను మీద జారితే పిన్నుని తిప్పుతుంది, అప్పటికే పావు చుట్టు వదులుగా ఉంటే ఇంకా తేలిగ్గా ఊడుతుంది. లోడు చాలాసేపు వేలాడదీసేదైతే నట్టు, స్ప్లిట్ పిన్ను ఉన్న బోల్టు రకం వాడండి.

గాజువాక_ఫ్యాబ్

చాలా థాంక్స్ అండీ. లగ్గులు చూశాను, స్లింగు లాగే దిశకి అడ్డంగానే వెల్డ్ చేశారు. 4.75కి 5 రెట్ల సేఫ్టీ ఉంటుంది కదా, అది కాపాడదా అంటున్నారు.

జవాబు 5 (రిగ్గింగ్_లెక్కలు)

ఆ 5 రెట్లు మీరు వాడుకోవడానికి మిగిల్చింది కాదు. ఏఎస్ఎంఈ బి30.26 అనే అమెరికన్ ప్రమాణం ప్రకారం 150 టన్నుల దాకా షాకిల్స్‌కి కనీసం 5 ఉండాలి. కుదుపు, అరుగుదల, కంటికి కనపడని లోపం ఇవన్నీ దాంట్లోంచే ఖర్చవుతాయి. పైగా మీ విషయంలో షాకిల్ నిలిచినా 16 ఎం.ఎం. లగ్గు పక్కకి వంగుతుంది, వెల్డు వేరు దగ్గర చిరుగుతుంది.

లగ్గులు కోసి సరైన దిశలో మళ్లీ వెల్డ్ చేసే వీలుంటే అదే మంచిది. లేకపోతే, లగ్గుల మధ్య దూరానికి సరిపోయే రేటెడ్ స్ప్రెడర్ బీమ్ (స్లింగుల్ని ఎడంగా పట్టి ఉంచే అడ్డ దూలం) అద్దెకి తెండి. బీమ్ కింద స్లింగులు నిలువుగా దిగుతాయి కాబట్టి ఒక్కో లగ్గు మీద 3.3 టన్నులు, అదీ నేరుగా. మంచి ముప్పావు షాకిల్ చాలు. బీమ్ 300 కిలోలు అనుకుంటే హుక్కు మీద 6.9 టన్నులు, 8.5 షాకిల్ సరిపోతుంది. హుక్కు నుంచి బీమ్ చివరలకి దిగే కాళ్లు 60 డిగ్రీలైతే ఒక్కోదాని మీద 4 టన్నులు, అక్కడా 4.75 చాలు. కొత్తవి కొనేటప్పుడు టెస్టు సర్టిఫికెట్‌లోని బ్యాచ్ నంబరు షాకిల్ బాడీ మీద ముద్రించినదీ ఒకటేనా అని షాపులోనే చూసుకోండి.