26 బొమ్మలు, మూడు గోడలు: చిన్న గ్యాలరీలో ఎలా సర్దాలి?

గీతలసంచి (ప్రశ్న)

ఇద్దరు కలిసి పెట్టే ప్రదర్శన, పది రోజులు. ఒక్కటే గది. గోడలు 420, 360, 420 సెంటీమీటర్లు. మూడో గోడలో ఒక చివర 90 సెంటీమీటర్ల తలుపుంది. పైకప్పు ఎత్తు 290. మొదటి గోడకి ఎదురుగా, తలుపు పక్కన కిటికీ ఏదీ లేదు గానీ నాలుగో వైపు మొత్తం వీధి అద్దమే.

చేతిలో ఉన్నవి 26. ఎ3 సైజు నీటిరంగులు 14, ట్యాబ్ మీద గీసి ఇంకా ముద్రించాల్సినవి 8, 60×75 యాక్రిలిక్ కాన్వాసులు 4. ఏడు వారాల టైముంది. గ్యాలరీ కమిషన్ 40 శాతం, ఫ్రేముల ఖర్చు మాదే.

అన్నీ పడతాయా? ఏ ఎత్తులో తగిలించాలి? నీటిరంగులకి అద్దం మంచిదా, యాక్రిలిక్ షీటా (పారదర్శకమైన ప్లాస్టిక్ పలక)? కాగితం ముడతలు పడకుండా వెనక నాలుగంచులా టేపు వేసేస్తే సరిపోతుందా? ధర వేసేటప్పుడు ఫ్రేము ఖర్చు ఎలా కలపాలి?

గోడకొలత (జవాబు)

26 పెట్టొద్దండీ. 16 పెట్టండి. ముందు గోడ లెక్క తేల్చుకుని, ఆ తర్వాతే ఫ్రేములకి ఇవ్వండి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. ఫ్రేము కట్టించిన ప్రతి బొమ్మనీ గోడెక్కించాలనిపిస్తుంది, అక్కడే గది ఇరుకైపోతుంది.

ఎ3 కాగితానికి పక్కల 6 సెంటీమీటర్ల మౌంటు (బొమ్మ చుట్టూ కిటికీలా కోసి పెట్టే అట్ట), 2 సెంటీమీటర్ల ఫ్రేము వేస్తే బయటి వెడల్పు సుమారు 45 అవుతుంది. 420 గోడ మీద ఎనిమిది పెడితే 360 పోయి 60 మిగులుతుంది. దాన్ని తొమ్మిది ఖాళీలకి పంచితే ఒక్కోటి ఏడు కూడా రాదు. చూసేవాళ్ళ కన్ను ఒక బొమ్మ మీద నిలవకముందే పక్కదానిలోకి జారిపోతుంది. అదే అయిదు పెడితే 225 పోతుంది. మధ్యలో 25 చొప్పున నాలుగు ఖాళీలు, రెండు చివర్లా 47.5. హాయిగా ఉంటుంది. ఖాళీలన్నీ సమానంగా పంచొద్దు. చివర్ల ఖాళీ మధ్య ఖాళీ కన్నా ఎక్కువుండాలి, అప్పుడే వరస ఒకే గుంపుగా కనిపిస్తుంది.

360 గోడకి కాన్వాసులు మూడు. మధ్యలో 40, చివర్లా 50. నాలుగోది పక్కన పెట్టడం కష్టంగానే ఉంటుంది, కానీ పెట్టండి. ముద్రించే ఎనిమిదీ ఎ4లో చేయించి, ఫ్రేము 32×42 వచ్చేలా చూసుకుంటే, నాలుగేసి రెండు వరసలు, 6 సెంటీమీటర్ల ఖాళీతో మొత్తం 146×90 అవుతుంది. ఆ మొత్తాన్ని ఒకే బొమ్మ అనుకుని తలుపు పోగా మిగిలిన 330లో మధ్యకి తీసుకురండి.

ఎత్తు సంగతి. బొమ్మ నడిమి భాగం నేల నుంచి 145 నుంచి 152 మధ్య ఉండాలి. 150 పెట్టుకుంటే లెక్క సులువు. పై అంచులూ కింది అంచులూ కలపడానికి చూడొద్దు, నడుములు కలపండి. మేకు ఎక్కడ కొట్టాలంటే: 150కి ఫ్రేము ఎత్తులో సగం కలిపి, అందులోంచి వెనక తీగ బిగిసినప్పుడు పై అంచుకి ఎంత దిగువన ఉంటుందో అది తీసేయాలి. ఫ్రేము ఎత్తు 59, తీగ 8 దిగువన ఉంటే 150 + 29.5 − 8 = 171.5. తీగని వేలితో పైకి లాగి పట్టుకునే కొలవాలి. వదులుగా ఉన్నప్పుడు కొలిస్తే బొమ్మ రెండు మూడు సెంటీమీటర్లు తేడాగా వేలాడుతుంది, వరసలో అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

నిజానికి తీగ కన్నా రెండు రింగులు, రెండు మేకులు మేలు. తలుపు ధడేలున వేసినా పక్కకి ఒరగదు. ముఖ్యంగా ఆ ఎనిమిది బొమ్మల గడికి తీగ అస్సలు వద్దు, ఒక్కటి వంకరపోయినా మొత్తం చెడుతుంది. రెండు మేకుల్నీ కొలత టేపుతో కాదు, రసమట్టంతో సరిచూడండి. పాత గదుల్లో నేలే వాలుగా ఉంటుంది.

ఫ్రేముల సైజులో పాత కాగితాలు కత్తిరించి, మేకు చోటు గుర్తు పెట్టి, పెయింటర్ టేపుతో గోడకి అంటించి ఒక పూట చూడండి. కాగితం మీదుగానే మేకు కొట్టి కాగితం లాగేయొచ్చు.

మౌంటుబోర్డు

నాలుగంచులా టేపు వేయొద్దు. ముడత పడేది సరిగ్గా దానివల్లే. కాగితం గాలిలో తేమని బట్టి సాగుతుంది, కుంచించుకుంటుంది. నాలుగు వైపులా పట్టేస్తే సాగడానికి దారిలేక మధ్యలో అలల్లా లేస్తుంది. పై అంచున రెండు చోట్ల మాత్రం, వెనకవైపు, పల్చటి జపనీస్ కాగితపు ముక్కలు ఆంగ్ల అక్షరం టి ఆకారంలో అంటించి బొమ్మని వేలాడదీయాలి. జిగురు గోధుమ పిండిపదార్థంతో కాచింది వాడితే తర్వాత నీటితో తడిపి ఊడదీయొచ్చు. ఆ పని చేతకాకపోతే యాసిడ్ లేని, నీటితో ఊడే గమ్ టేపు దొరుకుతుంది. మాస్కింగ్ టేపు, సెల్లో టేపు, రెండువైపులా అంటుకునే టేపు: ఈ మూడూ కొన్నేళ్ళకి పసుపు మరకై ముందువైపుకి దిగుతాయి. కొన్నవాళ్ళ ఇంట్లో దిగుతాయి కాబట్టి మీకు తెలియను కూడా తెలియదు.

మౌంటు కిటికీ కాగితం అంచుని చుట్టూ 3 నుంచి 5 మిల్లీమీటర్లు కప్పాలి. అంతకన్నా తక్కువైతే కాగితం కుంచించుకున్నప్పుడు అంచు బయటపడుతుంది. సంతకం చివరంటా చేసేవాళ్ళు ఇక్కడ ఇబ్బంది పడతారు, ముందే చూసుకోండి. పైన 6 అయితే కింద 8 వదలండి. సమానంగా వదిలితే బొమ్మ కిందికి జారుతున్నట్టు అనిపిస్తుంది. మౌంటు ఇంకో పని కూడా చేస్తుంది: కాగితానికీ అద్దానికీ మధ్య ఖాళీ ఉంచుతుంది. అద్దానికి ఆనుకుంటే చెమ్మ పట్టి రంగు దానికే అంటుకుంటుంది.

అద్దమా షీటా అంటే, 2 మిల్లీమీటర్ల అద్దం చదరపు మీటరుకి 5 కిలోలు, అదే మందం యాక్రిలిక్ షీటు దాంట్లో సగానికన్నా తక్కువ. మీ ఒక్కో ఫ్రేముకి అద్దం బరువే సుమారు 1.1 కిలో. మీ బొమ్మల్ని ఎక్కడికైనా పంపాల్సి వస్తే షీటు నయం, అంత తేలిగ్గా పగలదు. కానీ దాని మీద గీతలు పడతాయి, పొడి గుడ్డతో తుడిస్తే ఇంకా పడతాయి. మెత్తటి తడిగుడ్డే వాడాలి. ఎవరైనా బొగ్గు, పాస్టెల్ బొమ్మలు కూడా కలపబోతుంటే వాటికి మాత్రం షీటు వద్దు. దాని స్థిరవిద్యుత్తు పొడిని కాగితం మీంచి లాగేస్తుంది.

ముద్రణగది

ముద్రించే ఎనిమిదింటి గురించి. 300 డిపిఐలో (అంగుళానికి 300 చుక్కలు) ఎ4కి 2480×3508 పిక్సెళ్ళు కావాలి, ఎ3కి 3508×4961. గీసింది అంతకన్నా చిన్నదైతే సాఫ్ట్‌వేర్‌లో పెంచి పంపడం వల్ల కొత్త వివరం రాదు, అంచులు మెత్తబడతాయంతే. పెన్ గీతల బొమ్మల్లో ఇది వెంటనే తెలుస్తుంది.

తెర మీద మెరిసే నీలాలు, పచ్చలు కాగితం మీద ఆ మెరుపుతో రావు. తెర వెలుతురునిస్తుంది, కాగితం తన మీద పడిన వెలుతుర్నే తిప్పి పంపుతుంది. అందుకే మొత్తం ముద్రించే ముందు ప్రతి బొమ్మలోంచీ 10 సెంటీమీటర్ల వెడల్పు పట్టీ ఒకటి తీయించండి. అందులో అన్నింటికన్నా చీకటి భాగమూ, అన్నింటికన్నా గాఢమైన రంగూ ఉండాలి. మ్యాట్ కాగితం మీద చీకట్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. రాత్రి దృశ్యాలు గీసినవాళ్ళు నీడల్ని కొంచెం తేలిక చేసి రెండో పట్టీ తీయించాల్సి రావచ్చు.

సిరా పిగ్మెంటుదేనా (కరగని రంగుపొడితో చేసిందేనా) అని అడగండి. డై సిరా, అంటే రంగు కరిగి ఉండే సిరా, త్వరగా వెలుస్తుంది. ముద్రించిన షీట్లని కనీసం ఒక రోజు గాలికి ఆరనిచ్చాకే ఫ్రేములో పెట్టాలి. తొందరపడితే సిరాలోని ద్రవం మెల్లగా ఆవిరై అద్దం లోపలివైపు మసక పొరలా పేరుకుంటుంది. అప్పుడు వెనక పట్టీలన్నీ ఊడదీయాల్సిందే.

ఎన్ని ప్రతులో ముందే తేల్చి, కింద ఎడమవైపు పెన్సిల్‌తో 3/25 అని (25లో మూడోది), కుడివైపు సంతకం. ఈ లెక్కకి బయట గీసినవాళ్ళు తమకోసం ఉంచుకునే కళాకారుడి ప్రతులు సాధారణంగా పదిశాతం దాటవు. 25 అని రాశాక 26వది తీయకూడదు. అదే బొమ్మని వేరే సైజులో కూడా అమ్మే ఆలోచనుంటే ఆ మాట బొమ్మతోపాటు ఇచ్చే ధృవపత్రంలో ఇప్పుడే రాయండి.

గీతలసంచి

చాలా థాంక్స్ అండీ. 16కి ఒప్పుకున్నాం. గ్యాలరీవాళ్ళు డ్రిల్లింగ్ తగ్గించమంటున్నారు, అంటించే పట్టీలు వాడొచ్చా? ఇంకోటి, వీధి అద్దంలోంచి మధ్యాహ్నం ఎండ మొదటి గోడ మీద పడుతోంది. లైట్లు తిప్పుకునే ట్రాక్ ఉంది.

గోడకొలత

పట్టీలు నేనైతే వాడను. వాటి మీద రాసే బరువు నున్నటి గట్టి ఉపరితలానికి లెక్క. పొడి రాలే డిస్టెంపర్ గోడకీ, కొత్తగా ఎమల్షన్ వేసిన గోడకీ ఆ మాట వర్తించదు. పట్టీ గోడని వదలదు, రంగే గోడని వదిలేస్తుంది. ఆ ఎనిమిది చిన్న ఫ్రేములకి తప్పదనుకుంటే, అద్దం బదులు షీటు వేసి, గోడని స్పిరిట్‌తో తుడిచి, పట్టీని అరనిమిషం అదిమి, గంట తర్వాతే ఫ్రేము తగిలించండి.

దీనికన్నా మంచి దారి: గోడ పై భాగాన ఒక చెక్క పట్టీ లేదా అల్యూమినియం పట్టాని మూడు స్క్రూలతో బిగించి, దాన్నుంచి తీగలు దించడం. ఇటుక గోడైతే 6 మిల్లీమీటర్ల బిట్, దానికి సరిపడే ప్లగ్గు. పొడవాటి తీగ మీద వేలాడే ఫ్రేము తల ముందుకి వాలుతుంది. రింగుల్ని పై అంచుకి బాగా దగ్గరగా బిగిస్తే, కింది రెండు మూలల్లో రబ్బరు గుండీలు అంటిస్తే ఆ వాలు తగ్గుతుంది. గుండీల వల్ల వెనక గాలి కూడా ఆడుతుంది, చెమ్మ గోడలకి అది అవసరం.

ఎండ విషయం మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. నీటిరంగులకి మ్యూజియంలు 50 లక్స్ (బొమ్మ మీద పడే వెలుతురు కొలత) పెడతాయి. మీరు 200 పెట్టినా, రోజుకి 8 గంటల చొప్పున పది రోజులకి 16,000 లక్స్-గంటలు, పెద్ద నష్టం లేదు. నేరుగా పడే ఎండ 50,000 లక్స్ దాటడం మామూలే. అంటే ఒక్క గంట ఎండ మీ ప్రదర్శన మొత్తం వెలుతురుకి మూడు రెట్లు. అలిజరిన్ క్రిమ్సన్, ఆపెరా పింక్ అనే ఎరుపు, గులాబీ రంగులూ, ఆల్కహాల్ మార్కర్లూ ముందు వెలుస్తాయి. నీటిరంగుల్ని ఎండ పడని గోడకి మార్చండి, కాన్వాసుల్ని మొదటి గోడకి తెచ్చి అద్దానికి పల్చటి తెల్ల తెర కట్టండి. వీధి అద్దానికి ఎదురు గోడ మీద కూడా అద్దమున్న ఫ్రేములు వద్దు, లోపలి బొమ్మ బదులు వీధి కనిపిస్తుంది.

లైటు బొమ్మ మీద నిలువుకి 30 డిగ్రీల కోణంలో పడాలి. 290లోంచి 150 తీస్తే 140, దాన్ని 0.58తో గుణిస్తే 81. గోడ నుంచి అంత దూరంలో ట్రాక్ ఉంటే మంచిది. మరీ దగ్గరైతే ఫ్రేము నీడ బొమ్మ మీద పడుతుంది, దూరమైతే చూసేవాళ్ళ తల నీడ పడుతుంది. బల్బులు 3000 కెల్విన్ (వెచ్చటి తెలుపు), సిఆర్ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90 పైన. సిఆర్ఐ తక్కువైతే ఎరుపులు చచ్చిపోతాయి.

లెక్కలపుస్తకం

ధర దగ్గర ఎక్కువమంది నష్టపోయేది ఫ్రేములోనే. బొమ్మ మొత్తం 100 వంతులకి అమ్ముడైంది, అందులో ఫ్రేము ఖర్చు 25 అనుకోండి. 40 శాతం కమిషన్ 100 మీద తీస్తే 40 పోయి, ఫ్రేము 25 పోయి, మీకు 35 మిగులుతుంది. ఫ్రేము తీసేసి 75 మీద కమిషన్ లెక్కేస్తే 30 మాత్రమే పోతుంది, మీకు 45. గ్యాలరీని ముందే అడగండి, చాలాచోట్ల ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే ఫ్రేము ఖర్చుని 0.6తో భాగించి ధరలో కలపండి. 25 పెట్టి చేయించిన ఫ్రేముకి దాదాపు 42 వేస్తేనే మీ 25 మీకొస్తుంది.

సైజుని బట్టి ధర వేసేటప్పుడు వైశాల్యం వద్దు, పొడవూ వెడల్పూ కలిపిన మొత్తాన్ని వాడండి. 30×40 బొమ్మ, 60×80 బొమ్మ తీసుకుంటే వైశాల్యంలో నాలుగు రెట్లు, కూడికలో రెండు రెట్లు. నాలుగు రెట్లు వేస్తే పెద్దవి అలాగే మిగులుతాయి. ఇంట్లోంచి అమ్మే ధరా, గ్యాలరీ ధరా ఒకటే ఉండాలి. ఇది తప్పితే ఆ గ్యాలరీ మళ్ళీ పిలవదు.

ఒప్పందంలో ఉండాల్సినవి: ప్రతి బొమ్మ ఫోటో, కొలత, ధర, ఇచ్చేటప్పటి స్థితి. దెబ్బ తింటే ఎవరు కట్టాలి, ఎంత? అమ్మిన ఎన్ని రోజులకి డబ్బు? పూర్తి డబ్బు అందేదాకా బొమ్మ మీదే అన్న వాక్యం. బొమ్మ అమ్మినంత మాత్రాన దాన్ని ముద్రించే హక్కు వెళ్ళదని కూడా ఒక మాట రాసుకోండి. ఫోటోలు ఫ్రేము కట్టకముందే తీయాలి, తర్వాత తీస్తే అద్దంలో మీరే కనిపిస్తారు.

చీటీలో బొమ్మ పేరు, సంవత్సరం, మాధ్యమం, కొలత (ఎత్తు ముందు), ధర. అక్షరాలు 14 పాయింట్లకి తగ్గొద్దు. బొమ్మకి కుడివైపు, అన్నీ ఒకే ఎత్తులో.

సాయంత్రాలు తెరిచి ఉంచగలరా చూడండి. 1874లో పారిస్‌లో చిత్రకారులు మోనే, దెగా, పిస్సారో వాళ్ళు ఫోటోగ్రాఫర్ నాదార్ పాత స్టూడియోలో సొంతంగా ప్రదర్శన పెట్టినప్పుడు పగలు 10 నుంచి 6 దాకా, మళ్ళీ రాత్రి 8 నుంచి 10 దాకా తెరిచారు. ఉద్యోగాలు చేసేవాళ్ళు రాగలిగేది ఆ వేళల్లోనే.

మౌంటుబోర్డు

కాన్వాసుల గురించి ఎవరూ చెప్పలేదు. యాక్రిలిక్ రంగు ఆరినా వేడికి మెత్తబడి అంటుకుంటుంది. రెండు కాన్వాసుల్ని ముఖాముఖి పెట్టొద్దు. బబుల్ షీటు బుడగలు రంగుకి తగిలేలా చుడితే గుండ్రటి మచ్చలు పడతాయి, పోవు. ముందు సిలికాన్ పూసిన బేకింగ్ కాగితం, దానిపైన బుడగలు బయటికి ఉండేలా షీటు. మూలలకి అట్ట తొడుగులు. అద్దమున్న ఫ్రేముల మీద మాస్కింగ్ టేపు అడ్డంగా నిలువుగా వేస్తే పగిలినా ముక్కలు కాగితాన్ని కోయవు. షీటున్న ఫ్రేములకి మాత్రం ఆ టేపు వేయొద్దు, జిగురు వదలదు. అన్నీ నిలువుగా నిలబెట్టే తీసుకెళ్ళాలి, పడుకోబెడితే కుదుపులకి అద్దం చిట్లే ప్రమాదం ఎక్కువ.

దించిన రోజే గోడ కన్నాలు పుట్టీతో పూడ్చి, అదే ఎమల్షన్ చిన్న డబ్బా దగ్గరుంచుకోండి. రంగు నంబరు గ్యాలరీవాళ్ళని ఇప్పుడే అడిగి రాసిపెట్టుకోండి.