నాన్నగారి ఇంట్లో బాట్ సోకిన పరికరం ఏది? అనుభవాలు చెప్పగలరు

తెనాలి_కాలువగట్టు:
అందరికీ నమస్కారం. తెనాలిలో మా నాన్నగారు ఒక్కరే ఉంటారు. ఆయన కనెక్షన్‌పై బాట్ (బయటివాళ్లు దూరం నుంచి నడిపే మాల్‌వేర్) సోకిన పరికరం ఏదో పనిచేస్తోందని, కేంద్ర ప్రభుత్వ సైబర్ స్వచ్ఛతా కేంద్రం సూచనలు చూడమని ఇంటర్నెట్ సంస్థ నుంచి సందేశం వచ్చింది. మోసగాళ్ల పని అనుకుని మొదటిసారి తీసిపారేశాము. రెండోసారి కూడా రావడంతో నేను వెళ్లి ఆయన ల్యాప్‌టాప్‌ను పూర్తిగా పరీక్షించాను కానీ ఏమీ దొరకలేదు. ఇక మిగిలినవి ఒక స్మార్ట్ టీవీ, రెండు వైఫై ప్లగ్గులు, చాలా ఏళ్ల క్రితం బిగించిన నాలుగు కెమెరాలు, వాటి దృశ్యాలను రికార్డు చేసే డీవీఆర్ పెట్టె. ముందుగా దేన్ని అనుమానించాలి?

మేడమీది_గది:
డీవీఆర్‌ను అనుమానించండి. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ సరిగ్గా ఇలాంటి డీవీఆర్‌లను, కెమెరాలను, రౌటర్లను లక్షల సంఖ్యలో పట్టుకుంది. అది చేసిన పనిలో గొప్ప తెలివేమీ లేదు. తయారీదారులు పెట్టి పంపిన అరవైకి పైగా పేరు, పాస్‌వర్డ్ జతలను టెల్నెట్ (పరికరాన్ని దూరం నుంచి నడిపే పాత పద్ధతి) ద్వారా ఒక్కొక్కటిగా ప్రయత్నించేది. అదే ఏడాది అక్టోబరు 21న వెబ్‌సైట్ పేర్లను చిరునామాలుగా మార్చే డిన్ అనే డీఎన్‌ఎస్ సంస్థపై అలా పట్టుకున్న పరికరాలతో జరిగిన దాడితో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి అమెరికాలో గంటల తరబడి అందకుండా పోయాయి.

మిరాయ్ మెమరీలోనే ఉంటుంది కనుక కరెంటు పోయి వస్తే తుడిచిపెట్టుకుపోతుంది. ఆ లెక్కన మన కరెంటు కోతలు దానికి రోజూ మందు వేస్తున్నట్లే, కానీ దారి మూయనంత కాలం కొద్ది నిమిషాల్లోనే మళ్లీ సోకుతుంది. పైగా ఆనాటి చాలా డీవీఆర్‌లలో, మనం తెరపై మార్చుకునే పాస్‌వర్డ్ వేరు, టెల్నెట్ పాస్‌వర్డ్ వేరు. రెండోది ఫర్మ్‌వేర్‌లోనే (తయారీదారు పరికరంలో పెట్టిన సాఫ్ట్‌వేర్) ఉండిపోయేది కాబట్టి యజమాని పాస్‌వర్డ్ మార్చి నిశ్చింతగా నిద్రపోయినా ఫలితం ఉండేది కాదు.

కూకట్‌పల్లి_కోడలు:
మా ఫ్లాట్‌లో నేను ప్లగ్గులు, బల్బులు, గీజర్ స్విచ్, తలుపు దగ్గరి కెమెరా అన్నింటినీ రౌటర్‌లోని గెస్ట్ నెట్‌వర్క్‌కు (అతిథుల కోసం విడిగా ఉండే వైఫై) మార్చాను. వాటిలో ఏదైనా పాడైనా, బ్యాంకు లావాదేవీలు చేసే ల్యాప్‌టాప్ జోలికి రాదన్నది ఆలోచన. అయితే టీవీని కూడా అటే పంపడంతో, మా అత్తగారు ఫోన్‌లోని భజనలను టీవీలోకి పంపలేకపోయారు, రెండు రోజులు ఇల్లంతా నా మీద ఫిర్యాదే. చివరికి టీవీని వెనక్కి తెచ్చి, దానికి అప్‌డేట్లు వస్తున్నాయో లేదో నెలకోసారి చూసుకుంటున్నాను.

ఫైబర్_పనివాడు:
గెస్ట్ నెట్‌వర్క్ మంచిదే కానీ, బయటి నుంచి లోపలికి వచ్చే దారిని అది మూయదు. మన దగ్గర చాలా ఇళ్ల కనెక్షన్లకు సొంత పబ్లిక్ చిరునామా ఉండదు, ఒకే చిరునామా వెనుక ఎందరో వినియోగదారులు ఉంటారు. అందువల్ల బయటివాడు తట్టినా ఆ చప్పుడు మన రౌటర్ దాకా రాదు. కెమెరాలు విదేశాల నుంచి చూడాలని ఎవరైనా స్టాటిక్ ఐపీ (తమకే ప్రత్యేకమైన, మారని పబ్లిక్ చిరునామా) తీసుకుంటే మాత్రం ఆ అడ్డు తొలగిపోతుంది. కాలువగట్టు గారూ, మీ నాన్నగారి బిల్లులో స్టాటిక్ ఐపీ రుసుము ఉందేమో చూడండి. ఉంటే రౌటర్‌లో బయటివారికి లోపలికి దారి తెరిచే పోర్ట్ ఫార్వర్డింగ్, యూపీఎన్‌పీ, డీఎంజెడ్ పేజీలు తెరవండి. బల్బుల గురించి మాత్రం ఇంత కంగారు అనవసరమని నా అభిప్రాయం.

తెనాలి_కాలువగట్టు:
మీరన్నట్లే ఉంది. మా చెల్లెలు డల్లాస్ నుంచి చూడాలని కోరినప్పుడు కెమెరాలు బిగించిన కుర్రాడే స్టాటిక్ ఐపీ పెట్టించాడట. డీఎంజెడ్ పేజీలో డీవీఆర్ చిరునామా కనిపించింది, అంటే ఒక పోర్టు కాదు, ఆ పెట్టె మొత్తాన్నీ వీధిలో పెట్టినట్లయింది. దాని అడుగున అట్ట ముక్కపై బాల్‌పెన్నుతో పాస్‌వర్డ్ రాసి ఉంది: దుకాణం పేరు, పక్కన 123. అతనికి ఫోన్ చేస్తే, "ప్రతి ఇంటికీ ఒక పాస్‌వర్డ్ పెడితే నేను గుర్తుపెట్టుకోలేను సార్" అన్నాడు. మా వీధిలో మరో ఆరు ఇళ్లకు బిగించింది కూడా అతనే.

డీఎంజెడ్, యూపీఎన్‌పీ రెండూ ఆపేశాను. అయితే ఇప్పుడు చెల్లెలికి నాన్నగారి వరండా కనిపించడం లేదు, ఆయన రోజూ అడుగుతున్నారు.

మేడమీది_గది:
రౌటర్‌లో వైర్‌గార్డ్ (ఇంటి నెట్‌వర్క్‌లోకి రహస్య దారి ఇచ్చే వీపీఎన్) సౌకర్యం ఉంటే చెల్లెలు గారి ఫోన్‌కు ఒక తాళంచెవి తయారుచేసి పంపండి. ఆమె ముందు ఇంటి నెట్‌వర్క్‌లోకి వచ్చి, ఆ తర్వాతే కెమెరా చూస్తారు. సరైన తాళంచెవి లేనివాడికి వైర్‌గార్డ్ జవాబే ఇవ్వదు. ఆ డీవీఆర్‌కు అప్‌డేట్లు ఆగిపోయి ఉంటే మార్చడమే మేలు. సీసీటీవీ కెమెరాలకు భద్రతా పరీక్ష తప్పనిసరి చేసిన కేంద్ర నిబంధన 2025 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చింది, కానీ అప్పటికే గోడకెక్కిన వాటికి అది వర్తించదు.

తెనాలి_కాలువగట్టు:
వైర్‌గార్డ్ పనిచేసింది, వరండా కనిపిస్తోందని చెల్లెలు చెప్పింది. ఆదివారం ఆ ఆరు ఇళ్లకూ వెళ్లి డీఎంజెడ్ పేజీ తెరిచి చూస్తాను.