ఇండియానా ఫుట్‌బాల్ టీమ్ ఒక్క ఏడాదిలో ఇంత ఎలా మారింది?

మా అమ్మాయి అమెరికాలో బ్లూమింగ్టన్‌లోని ఇండియానా యూనివర్సిటీలో చదువుతోంది. ఫోన్ చేస్తే చదువు సంగతి కన్నా ఫుట్‌బాల్ సంగతే ఎక్కువ, అందుకే నేనూ పాత మ్యాచ్‌లు చూడటం మొదలుపెట్టాను. అమెరికన్ ఫుట్‌బాల్ తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

2023లో ఇండియానా 3 గెలిచి 9 ఓడింది. తర్వాత జేమ్స్ మ్యాడిసన్ యూనివర్సిటీ నుంచి కర్ట్ సిగ్నెట్టి హెడ్ కోచ్‌గా వచ్చాడు. 2024లో వరసగా 10 గెలుపులు, చివరికి 11 గెలుపులు, 2 ఓటములు! పర్‌డ్యూ యూనివర్సిటీని 66-0తో చిత్తు చేశారు. పాపం, అంత స్కోరు అవసరమా అనిపించింది.

కోచ్ వెంట పాత కాలేజీ ఆటగాళ్లు కొందరు వచ్చారట, క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడిని నడిపే ఆటగాడు) కర్టిస్ రోర్క్ ఒహాయో యూనివర్సిటీ నుంచి వచ్చాడు. మరి గెలుపు ఈ ట్రాన్స్‌ఫర్ల వల్లా, కోచింగ్ వల్లా? షెడ్యూల్ తేలిక అనేవాళ్లూ ఉన్నారు. ఒహాయో స్టేట్ చేతిలో 38-15తో, ప్లేఆఫ్‌లో నోటర్ డామ్ చేతిలో 27-17తో ఓడారు కాబట్టి అందులో కొంత నిజం ఉందేమో.

ఇంకొకటి. మిషిగన్ మీద 20-15తో గెలిచిన మ్యాచ్‌లో సెకండ్ హాఫ్‌లో ఎందుకంత తడబడ్డారో నాకు అర్థం కాలేదు. అక్కడ డిఫెన్స్‌లో ఏం గమనించాలి?