బెజవాడలో పుట్టిన అమ్మ, ఐర్లండ్‌లో పుట్టిన తాతయ్య: ఇద్దరి జనన రికార్డులూ దొరకడం లేదు

ప్రశ్న (పటమట, విజయవాడ)

మా అమ్మ 1934లో బెజవాడలో పుట్టిందని ఇంట్లో అందరూ చెప్పే మాట. అమ్మ తండ్రి ఐర్లండ్ మనిషి. బ్రిటిష్ సైన్యంలో ఇక్కడికి వచ్చి, బయటికొచ్చాక రైల్వేలో చేరి బెజవాడలో గార్డుగా పనిచేశారు. అమ్మమ్మది ఫిరంగిపురం, కతోలిక కుటుంబం. వాళ్లకి అమ్మే తొలి సంతానం. తాతయ్యది కార్క్ కౌంటీ అనీ, 1896 ప్రాంతంలో పుట్టారనీ తప్ప ఊరి పేరు తెలియదు. ఇంటిపేరు కొన్ని కాగితాల్లో ముందు ‘ఓ’తో ఉంది, కొన్నింట్లో లేదు.

కార్పొరేషన్‌లో 1934 రిజిస్టర్ అమ్మ పేరుతో వెతికించాం, లేదన్నారు. విజయవాడ చర్చిలో ఆ ఏడాది జ్ఞానస్నానాల పుస్తకంలోనూ లేదు. ఐర్లండ్ వెబ్‌సైట్‌లో తాతయ్య పేరు కొడితే అదే పేరుతో లెక్కలేనంత మంది వస్తున్నారు. తాతయ్య ద్వారా ఐర్లండ్ పౌరసత్వం పొందాలంటే వాళ్ల ఫారిన్ బర్త్స్ రిజిస్టర్‌లో నా పేరు నమోదు కావాలి, దానికి ఇద్దరి జనన రికార్డులూ కావాలి. ముందు ఏది పట్టుకోవాలి, ఎక్కడ పట్టుకోవాలి?

జవాబు (అరండల్‌పేట, గుంటూరు)

అమ్మగారి రికార్డు బెజవాడలో లేకపోవడంలో వింతేమీ లేదండి. తొలి సంతానం అంటున్నారు, అమ్మమ్మగారిది ఫిరంగిపురం అంటున్నారు. తొలి కాన్పు పుట్టింట్లో జరిగి ఉంటుంది. నెలలు నిండాక బెజవాడ తీసుకొచ్చి ఉంటారు, కాపురం అక్కడే కాబట్టి ‘బెజవాడలో పుట్టింది’ అని స్థిరపడిపోయి ఉంటుంది. జననం నమోదయ్యేది పుట్టిన చోటే గానీ తండ్రి ఉద్యోగం చేసే చోట కాదు. కతోలికులు ఆ రోజుల్లో బిడ్డకు కొద్ది రోజుల్లోనే జ్ఞానస్నానం ఇప్పించేవారు, అందుకని అది కూడా ఫిరంగిపురం గుడిలోనే అయ్యుండాలి.

ముందు ఫిరంగిపురం విచారణ (అంటే పారిష్) గురువుకు ఉత్తరం రాయండి. 1934 ఒక్క ఏడాదే కాకుండా 1932 నుంచి 1936 వరకు చూడమనండి. పేర్లు లాటిన్‌లో రాసి ఉండొచ్చు కాబట్టి అమ్మగారి పేరుతో పాటు తాతయ్య పేరు, అమ్మమ్మగారి పుట్టింటి ఇంటిపేరు, తెలిస్తే జ్ఞాన తల్లిదండ్రుల (గాడ్‌పేరెంట్స్) పేర్లు కూడా ఇవ్వండి. అక్కడ లేదంటే వదిలేయకండి. 1934లో గుంటూరు వైపు విచారణలు నెల్లూరు మేత్రాసనం, అంటే అక్కడి బిషప్ అధికార ప్రాంతం (డయోసిస్) కింద ఉండేవి. నెల్లూరు మేత్రాసనం 1928లో మద్రాసు నుంచి విడిపోయింది, గుంటూరు 1940లో నెల్లూరు నుంచి విడిపోయింది. కృష్ణకు ఇవతలా అవతలా వేర్వేరు మేత్రాసనాలు. కాబట్టి విజయవాడ బిషప్ ఆఫీసులో గుంటూరు వైపు రికార్డు అడిగి లాభం లేదు.

అంతకంటే సులువైన దారి ఇంకొకటి ఉంది. కతోలికుల పెళ్లి ఎక్కడ జరిగినా ఆ కబురు జ్ఞానస్నానం పొందిన విచారణకు పంపాలని 1908 నుంచి నియమం. అక్కడి పుస్తకంలో ఆ పేరు పక్కన మార్జిన్‌లో పెళ్లి తేదీ, చోటు రాస్తారు. అందుకే అమ్మగారి పెళ్లి జరిగిన గుడిలో పెళ్లి రిజిస్టర్ తీయించండి. ఆమెకు జ్ఞానస్నానం ఏ గుడిలో జరిగిందో అందులో ఉండే అవకాశం బాగా ఉంది. ఊహల మీద నాలుగు గుళ్లు తిరిగే బదులు ఇది చూస్తే ఒక్క కాగితంతో తేలుతుంది.

ఇక ప్రభుత్వ రికార్డు. పల్లెల్లో జనన మరణాల పుస్తకం అప్పట్లో గ్రామ మునసబు దగ్గర ఉండేది. ఇప్పుడు అవి ఏ ఊళ్లో ఎక్కడ మిగిలాయో ఒకే తీరు లేదు కాబట్టి పంచాయతీ ఆఫీసులోనూ, తహసీల్దార్ ఆఫీసులోనూ రెండు చోట్లా రాతపూర్వకంగా అడగండి. కార్పొరేషన్‌లో వెతికించిన పద్ధతి కూడా మార్చాలి. ఆ కాలపు రిజిస్టర్లలో బిడ్డ పేరు ఉండకపోవడమే ఎక్కువ. తండ్రి పేరు, ‘ఆడ శిశువు’, తేదీ, వీధి, అంతే. కాబట్టి తండ్రి పేరుతో వెతికించండి. ఐరిష్ ఇంటిపేరును గుమాస్తా చెవికి వినపడినట్టు రాసి ఉంటాడు, అందుకని ఇండెక్స్ మీద ఆధారపడకుండా ఆ నెలల పేజీలే తిరగేయించాలి.

ఎక్కడా దొరకకపోతే రికార్డు లభ్యం కాలేదని సర్టిఫికెట్ తీసుకోండి. దాని మీద ఆలస్య నమోదుకు వెళ్లొచ్చు. 1969 జనన మరణాల నమోదు చట్టంలో 13వ సెక్షన్ ప్రకారం, ఏడాది దాటిన జననాలకు ఒకప్పుడు ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాల్సి ఉండేది. 2023 సవరణ అమల్లోకి వచ్చాక, అంటే ఆ ఏడాది అక్టోబర్ 1 నుంచి, జిల్లా మేజిస్ట్రేట్ గానీ సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ గానీ, జిల్లా మేజిస్ట్రేట్ అధికారం ఇచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ గానీ ఇస్తారు. మనకు వాడుకలో ఆర్డీవో ఆఫీసు. అయితే నా సలహా, దీన్ని చివరికి ఉంచుకోండి. తొంభై ఏళ్ల కిందటి జననానికి నిన్న రాసిన సర్టిఫికెట్ ఒక్కటే చూపిస్తే ఏ విదేశీ అధికారికైనా సందేహం వస్తుంది. ఆనాటి జ్ఞానస్నానం పత్రం, స్కూల్ రికార్డు పక్కన ఉంటేనే దానికి బలం.

జవాబు (గవర్నర్‌పేట, విజయవాడ)

పైన చెప్పిన పెళ్లి రిజిస్టర్ సూత్రం తాతయ్యగారికి ఇంకా బాగా పనికొస్తుంది. కతోలిక గుడిలో పెళ్లి చేయాలంటే వరుడి జ్ఞానస్నానం పత్రం అడుగుతారు, పరాయి దేశం వాడైతే మరీ. కాబట్టి మీ తాతయ్య, అమ్మమ్మల పెళ్లి 1930 ప్రాంతంలో ఫిరంగిపురంలో జరిగిందా, బెజవాడలో జరిగిందా ముందు తేల్చండి. ఆ రిజిస్టర్‌లో, లేదా పెళ్లికి ముందు తీసుకున్న కాగితాల కట్టలో ఐర్లండ్ విచారణ పేరు ఉండొచ్చు. కనీసం ఆయన తండ్రి పేరైనా దొరుకుతుంది. అది చేతిలో లేకుండా ఐర్లండ్ వెబ్‌సైట్‌లో కూర్చుంటే ఇప్పుడు జరుగుతున్నదే జరుగుతుంది.

తండ్రి పేరు దొరికాక ఇలా వెళ్లండి. ఐర్లండ్ 1901, 1911 జనాభా లెక్కల కాగితాలు అక్కడి నేషనల్ ఆర్కైవ్స్ ఉచితంగా పెట్టింది. 1901 మార్చి 31న తాతయ్యకు నాలుగైదేళ్లు, కాబట్టి తల్లిదండ్రుల ఇంట్లోనే ఉండాలి. కార్క్ కౌంటీ, కతోలికులు, ఆ తండ్రి పేరు, మూడు నుంచి ఏడేళ్ల కుర్రవాడు: ఈ నాలుగూ కలిసే ఇళ్లు చాలా తక్కువ మిగులుతాయి. ఇంటి కాగితం మీద టౌన్‌ల్యాండ్ పేరు ఉంటుంది. ఐర్లండ్‌లో భూమి లెక్కకు అన్నిటికంటే చిన్న విభాగం అది, దేశం మొత్తం మీద అరవై వేలకు పైగా ఉన్నాయి. అది చేతికొస్తే ఊరు దొరికినట్టే.

జనన నమోదు ఐర్లండ్‌లో అందరికీ 1864 జనవరి 1 నుంచి మొదలైంది. నూరేళ్లు దాటిన జననాల పేజీల ఫొటోలు ఐరిష్‌జీనియాలజీ డాట్ ఐఈలో ఉచితం. అక్కడ అందరూ తడబడేది కౌంటీ దగ్గర. రిజిస్ట్రేషన్ డిస్ట్రిక్ట్‌లు కౌంటీల మీద కాకుండా ఆనాటి పూర్ లా యూనియన్ల (పేదల సహాయం కోసం చేసిన విభాగాల) మీద గీసినవి. కార్క్ కౌంటీ మాలో, కాంటర్క్, మాక్రూమ్, బాండన్, స్కిబరీన్, ఫెర్మాయ్, మిడిల్టన్ ఇలా చాలా ముక్కలుగా ఉంటుంది. ‘కార్క్’ అని ఎంచుకుంటే ఆ పట్టణం చుట్టుపక్కల డిస్ట్రిక్ట్ ఒక్కటే వస్తుంది, మిగతా కౌంటీ అంతా బయట ఉండిపోతుంది. కొన్ని డిస్ట్రిక్ట్‌లు కౌంటీ గీతను కూడా దాటతాయి.

సంవత్సరం విషయంలో 1892 నుంచి 1900 దాకా పెట్టండి. సైన్యంలో చేరేటప్పుడు కుర్రాళ్లు వయసు పెంచి చెప్పడం మామూలు, కాబట్టి 1896 అన్నది 1898 కూడా కావచ్చు. తేదీ కూడా నమ్మకండి. బిడ్డ పుట్టిన 42 రోజుల్లోపు నమోదు ఉచితం, మరీ ఆలస్యమైతే జరిమానా పడుతుంది. అది తప్పించుకోవడానికి తల్లిదండ్రులు పుట్టిన తేదీని ముందుకు జరిపి చెప్పేవారు. జ్ఞానస్నానం తేదీ కంటే జనన తేదీ తర్వాత ఉందంటే అది వేరే మనిషిది కానక్కర్లేదు.

ఇంటిపేరును ‘ఓ’తో ఒకసారి, లేకుండా ఒకసారి వెతకండి. రెండూ పనిచేయకపోతే పేరు పెట్టెను ఖాళీగా వదిలి ఇంటిపేరు, డిస్ట్రిక్ట్ మాత్రమే ఇవ్వండి. నమోదు నాటికి పేరు పెట్టని బిడ్డలు ‘మేల్’, ‘ఫీమేల్’ అనే ఇండెక్స్‌లో ఉంటారు, మన మునిసిపాలిటీ పుస్తకంలో ‘ఆడ శిశువు’ లాగే. తల్లి పుట్టింటి ఇంటిపేరు ఇండెక్స్‌లో 1903 నుంచే వస్తుంది. అంతకు ముందువాటికి ఫొటో తెరిచి చూడాల్సిందే, అందులో తల్లి ఇంటిపేరు, తండ్రి నివాసం, వృత్తి, కబురు చెప్పినవారి సంతకం అన్నీ ఉంటాయి.

తాతయ్యది ఎంతకీ దొరక్కపోతే 1901 కాగితంలో ఉన్న ఆయన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల జననాలు తీయండి. వాళ్ల ఫొటోల్లో తల్లి పుట్టింటి ఇంటిపేరు, డిస్ట్రిక్ట్ దొరుకుతాయి. ఇక్కడ అరండల్‌పేట వారి మాటే మళ్లీ గుర్తు చేస్తాను: ఐర్లండ్‌లోనూ పెళ్లి అమ్మాయి ఊళ్లోనే, తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లడమూ ఉంది. తాతయ్య పెద్దకొడుకైతే మిగతా పిల్లల డిస్ట్రిక్ట్‌లో కాకుండా వాళ్ల అమ్మగారి డిస్ట్రిక్ట్‌లో వెతకండి.

ఐర్లండ్ నేషనల్ లైబ్రరీ వారి కతోలిక రిజిస్టర్ల ఫొటోలు 1880 ప్రాంతంతో ఆగిపోతాయి, 1896కు పనికిరావు. కార్క్ అండ్ రాస్ మేత్రాసనం రిజిస్టర్లు కొన్ని మాత్రం ఐరిష్‌జీనియాలజీలో 1900 దాకా ఉన్నాయి. క్లాయిన్ మేత్రాసనం, అంటే కార్క్ కౌంటీకి ఉత్తరం, తూర్పు వైపు అయితే నేరుగా ఆ విచారణకే రాయాలి. రాసేటప్పుడు మార్జిన్‌లో ఏమైనా రాసి ఉందా అని తప్పకుండా అడగండి. ‘బెజవాడ’ అనో ‘గుంటూరు’ అనో, మద్రాసు అనో కనిపిస్తే ఆయనే మీ తాతయ్య. ఇంతకంటే గట్టి ఆధారం ఇంకోటి ఉండదు.

జవాబు (సత్యనారాయణపురం, విజయవాడ)

సైన్యం, రైల్వే గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నాలుగు మాటలు.

కార్క్ కుర్రాడైతే రాయల్ మన్‌స్టర్ ఫ్యూజిలియర్స్‌లో చేరి ఉండే అవకాశం ఉంది, ఆ ప్రాంతం వాళ్ల భర్తీ అందులోకే. 1922లో ఆ రెజిమెంట్‌ను రద్దు చేశారు. ఆ తర్వాత కూడా సర్వీసులో ఉన్నారంటే వేరే రెజిమెంట్‌లో చూడాలి. మొదటి ప్రపంచ యుద్ధం నాటి సిపాయిల సర్వీసు కాగితాల్లో ఎక్కువ భాగం 1940లో లండన్ బాంబు దాడుల్లో కాలిపోయాయి, మిగిలినవి లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. దొరికితే భర్తీ ఫారం మీద పుట్టిన పారిష్, దగ్గరి బంధువు చిరునామా ఉంటాయి. దొరకకపోతే యుద్ధ పతకాల లెక్కకు రాసిన మెడల్ కార్డు మిగిలి ఉంటుంది, కానీ అందులో నంబరు, రెజిమెంట్ తప్ప పుట్టిన ఊరు సాధారణంగా ఉండదు.

రైల్వేలో ఏ కంపెనీ అన్నది ముఖ్యం. బెజవాడలో మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే, నిజాం స్టేట్ రైల్వే రెండూ కలిసేవి. మొదటిదాని హెడ్ ఆఫీసు మద్రాసు, రెండోదానిది సికింద్రాబాద్. దక్షిణ మధ్య రైల్వే 1966లో ఏర్పడింది కాబట్టి 1930ల సర్వీసు రికార్డు విజయవాడ డివిజన్ ఆఫీసులో ఉంటుందని ఆశ పెట్టుకోకండి.

లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ (ఇండియా పాలన చూసిన బ్రిటిష్ ప్రభుత్వ శాఖ) రికార్డులున్నాయి. వాటిలో ఎన్/2 అనే వరుస మద్రాసు ప్రెసిడెన్సీ బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, సమాధుల ప్రతులు, 1948 దాకా. గుళ్ల నుంచి పంపిన నకళ్లు ఇవి. కతోలిక గుళ్లలో పంపనివీ ఉన్నాయి, కాబట్టి అక్కడ లేదంటే జరగలేదని అర్థం కాదు. ఫైండ్‌మైపాస్ట్ అనే వంశ పరిశోధన వెబ్‌సైట్‌లో డబ్బు కట్టి ఫొటోలు చూడొచ్చు, ఫిబిస్ (బ్రిటిష్ ఇండియాలో ఉన్న కుటుంబాల చరిత్ర వెతికేవారి సంఘం) వారి సైట్‌లో ఇండెక్స్ వెతకడం ఉచితం. ఊరి పేరు ఆనాటి ఇంగ్లిషు స్పెల్లింగుల్లో వెతకండి: బెజ్వాడ, బెజ్వారా, గుంటూర్, కిస్ట్నా. ‘విజయవాడ’ అని కొడితే ఏమీ రాదు.

ప్రశ్న అడిగినవారు (పటమట)

అందరికీ ధన్యవాదాలు. ఫిరంగిపురం ఎవరికీ తట్టలేదు. ముందు తాతయ్య, అమ్మమ్మల పెళ్లి రిజిస్టర్, తర్వాత అమ్మ జ్ఞానస్నానం అడుగుతాను. ఇంకో సందేహం. ఐర్లండ్ దరఖాస్తుకి వెబ్‌సైట్‌లోంచి దింపుకున్న ఫొటో సరిపోతుందా? నా పిల్లల సంగతేమిటి?

జవాబు (గవర్నర్‌పేట, విజయవాడ)

ఫొటో సరిపోదండి, అది మీ పరిశోధనకే. దాని మీద కనిపించే డిస్ట్రిక్ట్, సంవత్సరం, పేజీ వివరాలు ఇచ్చి రాస్‌కామన్‌లోని జనరల్ రిజిస్టర్ ఆఫీసు నుంచి పూర్తి సర్టిఫికెట్ తెప్పించుకోవాలి. తల్లిదండ్రుల పేర్లు ఉన్న నమూనా అడగండి. తాతయ్య, అమ్మమ్మల పెళ్లి సర్టిఫికెట్, అమ్మగారి జననం, అమ్మగారి పెళ్లి, మీ జననం, వీటన్నిటిలో ఇంటిపేరు ఎక్కడెక్కడ ఎలా మారిందో ఒక కాగితం మీద వరసగా రాసి జతచేయండి. ‘ఓ’ ఉన్నచోటు, లేనిచోటు వాళ్లు అడగకముందే మీరే చూపించడం మంచిది. అమ్మగారికి ప్రభుత్వ జనన సర్టిఫికెట్ దొరక్కపోతే, రికార్డు లభ్యం కాలేదనే పత్రం, జ్ఞానస్నానం పత్రం సరిపోతాయా అని దరఖాస్తుకు ముందే వాళ్లకు రాసి, జవాబు దాచుకోండి.

పౌరసత్వం మీ పేరు ఆ రిజిస్టర్‌లో ఎక్కిన రోజు నుంచి లెక్క, మీరు పుట్టిన రోజు నుంచి కాదు. అంతకు ముందే పుట్టిన మీ పిల్లలకు ఈ దారిలో హక్కు రాదు. కానీ మీ అమ్మగారికి వేరే పిల్లలుంటే వాళ్లందరికీ ఇవే కాగితాలు పనికొస్తాయి, కాబట్టి సర్టిఫికెట్లు తెప్పించేటప్పుడు రెండేసి ప్రతులు అడగండి.