ప్రెస్‌నోట్ ఒక్కసారే కంపోజ్ చేసి అచ్చుకీ, వెబ్‌కీ వాడటం ఎలా?

రవీంద్రభారతి కార్యక్రమాల ప్రెస్‌నోట్ల గురించి సలహా కావాలి. కంపోజింగ్ చిక్కడపల్లిలో, పేజ్‌మేకర్‌లో (పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్), యూనికోడ్ (ప్రతి తెలుగు అక్షరానికీ సొంత కోడ్ ఉండే ప్రమాణం) కాని పాత డీటీపీ ఫాంట్‌తో. అచ్చుకి ఇబ్బంది లేదు. చిక్కల్లా పత్రికల వెబ్‌సైట్లు చూసే వెబ్‌డెస్క్‌లతోనే. ఆ ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌ల మీదే తెలుగు ముక్కలు కూర్చుతాయి కాబట్టి, పీడీఎఫ్‌లోంచి కాపీ చేస్తే పిచ్చి గీతలు వస్తాయి. జేపీజీ పంపితే మళ్లీ టైపు చేసే ఓపిక ఎవరికుంది?

పాత ఫాంట్ టెక్స్ట్‌ని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లూ వాడి చూశాం. పాత ఫాంట్‌లో క్రారవడి (ర వత్తు) హల్లుకు ముందు కొట్టాలి, యూనికోడ్‌లో తర్వాత వస్తుంది. 'ప్రభుత్వం', 'కార్యక్రమం' అక్కడే విరుగుతున్నాయి. మధ్యలో ఉన్న ఈమెయిల్ అడ్రసు కూడా తెలుగైపోతోంది (అది మరీ విచిత్రం).

అందుకే ముందే యూనికోడ్‌లో కొట్టి, మెయిల్‌లో టెక్స్ట్‌గానే పెట్టి, లింకు ప్రివ్యూకి (లింకు షేర్ చేస్తే కనిపించే బొమ్మకి) 1200×630 పిక్సెళ్ల బొమ్మ జతచేద్దామని ఆలోచన. పేజ్‌మేకర్ యూనికోడ్ తీసుకోదు. దాని బదులు ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ (భారతీయ లిపులను సరిగా కూర్చే సెట్టింగ్) పెడితే వత్తులు సరిగానే పడుతున్నాయి.

తెలిసినవాళ్లు చెప్పండి: హెడ్డింగులకు రామభద్ర, బాడీకి మండలి ఫాంట్ 10 పాయింట్లలో న్యూస్‌ప్రింట్ మీద నిలుస్తాయా, సిరా పాకుతుందా? క్రారవడిని తప్పకుండా మార్చే కన్వర్టర్ ఏదైనా ఉందా? పాత ఫైళ్లు చాలా ఉన్నాయి, అన్నీ చేత్తో దిద్దడం అయ్యే పని కాదు.