ఇలియడ్ చదవకుండా ‘ఇలియం’ అర్థమవుతుందా?

డాన్ సిమన్స్ సైన్స్ ఫిక్షన్ నవల ‘ఇలియం’ (2003) వంద పేజీల దగ్గర ఆపేశాను. అంగారకుడి మీద ఒలింపస్ కొండ, దానిమీద గ్రీకు దేవుళ్లు, ఇంకోపక్క హోమర్ గ్రీకు కావ్యం ఇలియడ్‌లోని ట్రాయ్ యుద్ధం. చనిపోయిన ప్రొఫెసర్ హాకెన్‌బెర్రీని మళ్లీ బతికించి, యుద్ధం హోమర్ చెప్పినట్టే నడుస్తోందో లేదో చూడమంటారు! ఈ ఊహ భలే నచ్చింది. షేక్‌స్పియర్ గురించి మాట్లాడుకునే రోబోలైతే ఇంకానూ. కానీ అకిలీస్, హెక్టర్ తప్ప మిగతా పేర్లన్నీ కలగాపులగం అయిపోతున్నాయి.

ముందు ఇలియడ్ చదవాలా, కథ క్లుప్తంగా తెలిస్తే చాలా? రెండో భాగం ‘ఒలింపోస్’ (2005) పూర్తిచేసినవాళ్లున్నారా? అంత లావు పుస్తకం, ఓపికకు తగ్గట్టు ఉంటుందా? హోమర్ ఇంకో కావ్యం ఒడిస్సీని అంతరిక్షంలోకి తీసుకెళ్లినవాటిలో లాఫర్టీ ‘స్పేస్ చాంటీ’ (1968) ఒక్కటే నాకు తెలుసు. ఇంకేమైనా ఉంటే చెప్పండి, కాస్త సన్నటివి.