అప్‌డేట్: వేప మాను మీద రెమ్మలు తెగులు కాదు

కరెంటు తీగలకు తగులుతున్నాయని మా వేప చెట్టు కొమ్మలు బాగా కొట్టించాక, బోసి మాను మీద గుత్తులుగా రెమ్మలు వస్తున్నాయి, తెగులా అని అడిగాను కదా (మాది విశాఖ, ఎంవీపీ కాలనీ). ఓక్ చెట్ల గురించి చదవమన్నారు. చదివాను.

ఓక్ లేత కొమ్మకు ఆకు మొదట్లో పుట్టిన మొగ్గలన్నీ విచ్చుకోవు. కొన్ని ఆగిపోతాయి, కానీ చావవు. మాను లావెక్కే కొద్దీ ఏటా అంతే మేర బయటికి జరుగుతూ, దశాబ్దాల పాటు బెరడు కిందే ఉంటాయి. పైకొమ్మల చివర్ల నుంచి దిగే ఆక్సిన్ అనే హార్మోన్ వాటిని అణచి ఉంచుతుంది. తల నరికితే ఆ పట్టు సడలుతుంది, మానుకు ఎండ తగులుతుంది, మొగ్గలు లేస్తాయి. మా వేపకూ ఇదే జరిగినట్టుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను తర్వాత మోడులు చిగుర్చింది కూడా ఇలాగేనేమో!

కలప వాళ్లకు మాత్రం ఇది తలనొప్పి. దుంగలో ముడులు పడి ధర తగ్గుతుంది. అందుకే ఐరోపాలో ఓక్‌ల కింద బీచ్, హార్న్‌బీమ్ చెట్లు పెంచి మానుకు నీడ పట్టిస్తారు.

మాకు కావలసింది నీడే. అన్నీ గీకేస్తే ఆకుల్లేక చెట్టు నీరసిస్తుంది కాబట్టి, కింది రెమ్మలు తీయించి పైవి కొన్ని ఉంచాం. ఇవి మొదట్లో పైపైనే అతుక్కుని ఉంటాయి, బరువెక్కితే గాలికి విరుగుతాయి. తుఫాన్ల సీజన్‌కు ముందే కాస్త కత్తిరించాలి.